గాలి కింద పోయే బంతి

ఉత్తరం నుంచి వీచే షమాల్ గాలి లేచిన పొద్దున, ఖతర్‌లో అల్ వక్రాలోని మా ఫ్లాట్లో బాల్కనీ తలుపు కింద ఎంత గుడ్డ కుక్కినా ఇసుక లోపలికి వస్తుంది. గచ్చు మీద సన్నని చారలా పరుచుకుంటుంది. మా ఆవిడ చీపురు తీసేలోగా నేను వంగి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలుపుతాను. పిండిలా జారిపోతే అది లోపలి దిబ్బల నుంచి వచ్చింది. కాస్త గరగరమంటూ వేలిని పట్టుకుని ఉంటే సముద్రపు ఒడ్డుది. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటాను. అందులో నూనె వాసన ఏమైనా ఉందేమోనని ఒక ఆశ. ఉండదు. ఊడ్చి పారేసేదాన్ని వాసన చూసే మనిషిని ఇక్కడే చూశానని మా ఆవిడ అంటుంది. ఆవిడకేం చెప్పను, ఆ చిటికెడు ఇసుకలో నాకు రాజలింగం అన్న కనిపిస్తాడని? ఆయన ఎవరో మీకు తెలియదు. తెలియవలసిన మనిషి. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆయన గొప్ప అర్థం కాదు. మాది తెనాలిలో బియ్యం కొట్టు. మా వీధి పొడుగునా కొట్లే. మా ఇళ్లలో పిల్లలు 'అమ్మ' తర్వాత నేర్చుకునే మాట 'చివరి రేటు చెప్పండి' అని ఒక వేళాకోళం ఉండేది. ఖతర్‌లో నాకు దొరికిన ఉద్యోగం కూడా అచ్చం అలాంటిదే, ఒక కంపెనీలో కొనుగోళ్ల విభాగం. రేటు దిగేదాకా అవతలివాడి టీ ముట్టేవాణ్ని కాదు, దిగాక రెండు కప్పులు తాగేవాణ్ని. అప్పట్లో అల్ ఘర్రాఫాలో ఉండేవాళ్లం. మా పైఅధికారి ప్రకాశ్ గారు, హైదరాబాద్ మనిషి, ప్రతి శుక్రవారం పచ్చగడ్డి మైదానంలో గోల్ఫ్ ఆడేవారు. ఆయన పక్కన నాలుగు గంటలు నడిచినవాడి మాట ఆఫీసులో పైదాకా వెళ్తుందని గమనించి, నేనూ ఆ ఆట మొదలుపెట్టాను. ఆట మీద ప్రేమతో అని చెప్పుకోవచ్చు గానీ, ఈ వయసులో అబద్ధమెందుకు.

బంతిని కొట్టే కర్రల్ని క్లబ్బులంటారు. దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక తెల్లాయన దగ్గర పూర్తి సెట్టును ఆయన అడిగిన ధరలో మూడో వంతుకు తెచ్చుకున్నాను. అంత తేలిగ్గా ఎందుకు దిగాడన్న అనుమానం ఇంటికొచ్చి ఒక క్లబ్బు ఊపి చూశాక తీరింది. అవి ఎడమచేతివాటం వాళ్లవి.

పచ్చగడ్డి మైదానంలో ఆ సెట్టుతో నవ్వులపాలు కాలేను. కుడిచేతి సెట్టు అద్దెకు తీసుకుని కొన్ని పాఠాలు చెప్పించుకున్నాను. అక్కడ ఆటంతా ఆకాశంలోనే. బంతిని ఎత్తుగా లేపాలి, అది తడిసిన మెత్తని గడ్డి మీద పడి పడ్డచోటే ఆగాలి. దూరం కొలిచే యంత్రం, కూర్చుని వెళ్లే బండి, రాత్రంతా తడిపే నీళ్లు. అద్దంలా ఉండే చోటు. తప్పు చేస్తే తప్ప అక్కడ నేలతో పనే పడదు. ఆ ఖర్చు నా వల్ల కాదనిపించిన రోజుల్లో, అల్ వక్రాకు ఇంకా దక్షిణాన సముద్రం పక్కన మా కంపెనీకి పాత ఇసుక గోల్ఫ్ మైదానం ఒకటి ఉందనీ, ఉద్యోగులకు ఉచితమనీ తెలిసింది. ఉచితమన్న మాట వింటే మా వంశంలో ఎవరూ ఇంట్లో కూర్చోరు. ఎడమచేతి సంచీ భుజాన వేసుకుని వెళ్లాను.

గడ్డిపోచ లేదు. చెట్టు లేదు. గట్టిపడిన ఉప్పునేల మీద సున్నం పూసిన రాళ్లు దారి చూపిస్తాయి. ఆ దారిలో పడ్డ బంతి కింద మనం వెంట తెచ్చుకున్న చాప ముక్కంత ప్లాస్టిక్ గడ్డి పెట్టుకుని కొట్టుకోవచ్చు. దారి తప్పిందంటే ఎక్కడుంటే అక్కణ్నుంచే. బంతి చివరకు చేరవలసిన గుంట చుట్టూ మామూలుగా పచ్చిక ఉండాలి, దాన్ని గ్రీన్ అంటారు. ఇక్కడ దానికి బదులు నూనె కలిపి చదును చేసిన గుండ్రటి ఇసుక. రంగును బట్టి దాన్ని బ్రౌన్ అంటారు. అలాంటివి తొమ్మిది.

మొదటి బ్రౌన్ దగ్గర ఒక మనిషి ఇనుప గొట్టానికి కట్టిన నల్లటి గొంగడిని లాగుతూ వెనక్కి నడుస్తున్నాడు. గుంట దగ్గర మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచు దాకా వచ్చాడు. ఆయన దిగాక అక్కడ ఒక్క అడుగు జాడ లేదు. నున్నగా, అచ్చులోంచి తీసిన బెల్లం దిమ్మలా మెరుస్తోంది. అప్పుడు నా సంచీ వైపు చూశాడు.

"సార్, ఇవి ఎడమచెయ్యివి గదా."

బేరంలో వచ్చాయన్నాను.

"మంచిగ అగ్గువకొచ్చినట్టున్నయి" అన్నాడు. మొహంలో నవ్వు జాడ లేదు. షెడ్డులోకి వెళ్లి, పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన పాత ఇనుప క్లబ్బొకటి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇది ఒక్కటి సాలు. తొమ్మిదిటికీ గిదే."

ఆయనే రాజలింగం. జగిత్యాల దగ్గర పల్లె, గొర్రెల కాపరుల కుటుంబం. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంప్ నుంచి తెల్లారేసరికి కంపెనీ బస్సులో వచ్చేవాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ మైదానాన్ని ఒక్కడే చూసుకుంటున్నాడు. ఊళ్లో వాళ్లకు ఆయన చేసే పని ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదట. "రాజలింగు దుబాయ్ పోయి ఇసుక ఊడుస్తుండు" అనుకునేవాళ్లట. అది చెప్పి తనే నవ్వేవాడు. దుబాయ్ కాదని సరిచేయడం ఎప్పుడో మానేశాడు. ఊడవడం కాదని మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

ఆ మైదానాన్ని మొదట వేసింది డంకన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు. ఆయన వెళ్లిపోయి చాలా కాలమైంది. రాజలింగం ఆయనకు సహాయకుడిగా చేరి, ఆయన చెప్పిందంతా తన భాషలో దాచుకున్నాడు. ఈ ఆట పుట్టింది ఇలాంటి చోటే, సముద్రానికీ పొలాలకూ మధ్య ఎవరికీ పనికిరాని ఇసుక నేల మీద అని డంకన్ చెప్పాడట. దాన్ని లింక్స్ అంటారట. ఎవరూ చెట్లు నాటలేదు, ఎవరూ దిబ్బలు పోయలేదు. గాలి చెక్కింది, గొర్రెలు మేసి చదును చేశాయి. అక్కడి ఇసుక గుంతలు ఎలా వచ్చాయో డంకన్ వివరించబోతే రాజలింగమే ముందు చెప్పేశాడట.

"గొర్లు గాలికి ఈపు పెట్టి ఒకదాన్నొకటి ఆనుకోని పంటయి సార్. పన్నకాడ్నే పంటుంటె గుంత పడ్తది. మా తాన గుట్ట మీద ఎన్నో సూసిన" అని నాకు చెప్పాడు. డంకన్ అది విని రెండు చేతులూ పట్టుకుని ఊపాడట. "నాకు ఇంగ్లీష్ రాదు, ఆయనకు తెలుగు రాదు. గొర్ల కాడ కలిసినం."

నాకు ఆట నేర్పింది ఆయనే. నేర్పడమంటే పాఠాలేం లేవు. సముద్రం మీంచి గాలి మొహానికి కొడుతున్నప్పుడు నేను పచ్చగడ్డి మైదానం పాఠాల్లో నేర్పినట్టు ఎత్తుగా కొడితే, బంతి కాసేపు ఆలోచించి వెనక్కి వచ్చేది. ఆయన రాళ్ల మీద కూర్చుని చూసేవాడు. రెండు శుక్రవారాలు చూశాక లేచి వచ్చి, నా కుడికాలి దగ్గరకు బంతిని జరిపి, చేతులు నడుము దాటి లేవనియ్యొద్దన్నాడు. తప్పిపోయిన గొర్రెను కర్రతో మళ్లేసినట్టు కొట్టమన్నాడు. నేను గొర్రెను మటన్ కొట్టులో తప్ప చూసినవాణ్ని కాదు. అయినా కొట్టాను. బంతి మోకాలెత్తున బయల్దేరి, సగం దూరంలో నేలను తాకి, గట్టి ఉప్పునేల మీద పరుగెత్తి, చిన్న గట్టెక్కి, కుడివైపు తిరిగి, బ్రౌన్ మీదికి నడిచి వెళ్లినట్టు వెళ్లింది.

"ఎత్తుకు లేపితె అది గాలిది. కిందికెల్లి పోతె నీది" అన్నాడు. నన్ను సావుకారీ అని పిలవడం ఆ రోజు నుంచే. నేను అన్నా అనడమూ ఆ రోజు నుంచే.

ఆ ఒక్క దెబ్బతో నాకు ఆట రుచి తెలిసింది. పచ్చికలో బంతి గాలిలో ఉన్నంతసేపే ఆట, పడగానే ముగింపు. ఇక్కడ పడ్డాకే అసలు కథ. ఏ గులకరాయి ఎటు తిప్పుతుందో, ఏ వాలు దయ చూపిస్తుందో తెలియదు. బాగా కొట్టింది గోతిలో పడొచ్చు, చెత్తగా కొట్టింది గుంట పక్కన ఆగొచ్చు. దాంతో బేరాలు కుదరవు. నా జీవితంలో చివరి రేటు చెప్పని మొదటి వ్యాపారి ఆ నేలే. దాని దగ్గర ఓడిపోవడంలో నాకు సిగ్గు అనిపించలేదు.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఈలోగా ప్రకాశ్ గారు కంపెనీ రిక్రియేషన్ క్లబ్‌కు సెక్రటరీ అయ్యారు. చెడ్డవారు కాదు, చూసిన చోటల్లా బాగుచేయాలనుకునే మనిషి. బ్రౌన్‌లన్నీ తీసేసి ప్లాస్టిక్ పచ్చిక పరిపిస్తే సంవత్సరం పొడుగునా ఒకేలా ఉంటుందని ఆయన ప్రతిపాదన. శుభ్రం చేయడానికి ఆ కంపెనీవాళ్లే యంత్రంతో వస్తారు. కొటేషన్లు తెప్పించే పని నాకే అప్పగించారు. అంటే రాజలింగం అన్న పని తీసేసే కాగితాల మీద మొదటి సంతకం నాది.

చెప్పకుండా ఉండలేక చెప్పాను. ఆయన గొంగడి మడతపెడుతూ విన్నాడు. క్యాంప్‌లో క్లీనింగ్‌కు మారుస్తారా, ఇంటికి పంపుతారా అని అడుగుతాడనుకున్నాను.

"నన్నెటన్న ఏస్తరు సావుకారీ. దీన్ని ఇడిసిపెడితె రెండు నెలలల్ల గాలి మింగుతది. డంకన్ సారు నా చేతుల పెట్టి పోయిండు."

నాకు తెలిసిన విద్య ఒక్కటే, బేరం. ప్రకాశ్ గారి దగ్గర కూర్చుని ఒక గంటలో ఒక ఒప్పందం రాబట్టాను. రిక్రియేషన్ క్లబ్ కమిటీ దీని మీద ఓటు వేసేముందు అందరూ ఒక శుక్రవారం అక్కడ ఆడాలి. బ్రౌన్‌లు సరిగ్గా ఉంటే ఇసుకే ఉంచాలి. లేదంటే పచ్చికకు నేను అడ్డు చెప్పను. ఆయన సరేనన్నారు. నేను గెలిచినంత సంబరపడ్డాను.

బ్రౌన్‌లకు కొత్త ఇసుక వేయాలని రాజలింగం అన్న చెప్పాడు. రెండు లారీలు, ఒడ్డు దగ్గరి ఫలానా యార్డు నుంచి, గవ్వల పొడి కలిసిన బరకది. యార్డువాడు చెప్పిన రేటు విని నాకు కడుపు మండింది. ఎడారి దేశంలో ఇసుకకు డబ్బులు పెట్టడమా? ఫోన్లు చేశాను. ఇంకొకడు దిబ్బల ఇసుక సగానికే ఇస్తానన్నాడు. ఇంకొంచెం లాగితే రవాణా కూడా వదిలేశాడు. లారీలు దిగిన రోజు నేను మైదానం గేటు దగ్గర పెళ్లికొడుకులా నిలబడ్డాను.

రాజలింగం అన్న గుప్పెడు తీసుకుని నలిపాడు. "మెత్తగున్నది సావుకారీ" అన్నాడు. ఇసుకలో మెత్తన ఏంటి, గట్టి ఏంటి అని నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. మా నాన్న బియ్యం బస్తాలోంచి నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపి ఏ ఊరి పంటో చెప్పేవాడు. ఆయన కొడుకునైన నేను, సరుకు చేత్తో ముట్టకుండా ఫోన్లో కొని, ముట్టి చూసినవాడికి పాఠం చెప్పాను. రాజలింగం అన్న కొత్త ఇసుకను తొమ్మిదింట్లో మూడు బ్రౌన్‌లకు మాత్రమే వేశాడు. మిగతావి తర్వాత చూద్దామన్నాడు.

గురువారం మధ్యాహ్నం షమాల్ లేచింది. ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"సావుకారీ, నీ సరుకు ఎగిరిపోతున్నది."

అది ఆయన కోపంలో అన్న మాట కాదు. అక్కడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను వెళ్లేసరికి మూడు బ్రౌన్‌ల మీద దిబ్బల ఇసుక పొగలా లేస్తోంది. ఆ సన్నటి ఇసుక నూనెను పట్టుకోదట, పైన పొర ఎండగానే గాలి ఎత్తుకుపోతుందట. కింద గట్టినేల తేలింది. మర్నాడు పొద్దున కమిటీ. ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. మూడు బ్రౌన్‌ల పాత ఇసుక, నూనె పీల్చి నల్లబడినది, ఒక్క పార పారేయకుండా కుప్పపోసి ఉంది.

"ఎందుకు దాచావన్నా?"

"నీ ఎడమచెయ్యి క్లబ్బులు యాదికొచ్చినయి" అన్నాడు.

ఆఫీసు చొక్కాతోనే పార పట్టాను. పొద్దు వాలేదాకా ఇద్దరం తోపుడుబండితో మోశాం. చల్లి, కాళ్లతో తొక్కి, గొంగడి లాగాం. గొంగడి ఎందుకని అప్పుడే అడిగాను. గోనె అయితే గీతలు పడతాయట, తివాచీ అయితే నూనెంతా తనే తాగుతుందట. గొర్రె వెన్నుమీద ఉన్నప్పుడు వానకు తడవని ఉన్ని, ఇసుకలోని నూనెనూ తాగదట. వాళ్లమ్మ ఇచ్చి పంపిన గొంగడి అది. డంకన్ ఎన్ని తెప్పించినా దీనికి సరిరాలేదట. ఆ సాయంత్రం మొదటిసారి గొట్టం నా చేతికిచ్చాడు. వెనక్కి నడవమన్నాడు, గుంట నుంచి అంచుకు, నా అడుగుల మీద నేనే గొంగడి లాక్కుంటూ. వంకరగా వచ్చింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారికి ఏమీ అనలేదు.

శుక్రవారం గాలి తగ్గలేదు. మొదటి రెండు బ్రౌన్‌లు పాతవి, నున్నగా ఉన్నాయి. మూడోది మేం హడావుడిగా అతికిందే. అంచు దగ్గర పాత ఇసుక, మిగిలిన కొత్త ఇసుక కలిసినచోట చిన్న గీత ఉండిపోయింది. ప్రకాశ్ గారి బంతి నెమ్మదిగా గుంట వైపు వెళ్తూ ఆ గీత దగ్గర పక్కకు తిరిగింది.

"చూశారా, ఇదీ సమస్య. ఒక మనిషి ఓపిక మీద మైదానాన్ని నడపలేం. రాజలింగం, ఏంటిది?"

"గాలికి అయింది సార్" అన్నాడు రాజలింగం అన్న.

నా వైపు చూడనైనా లేదు. నేను ఊరుకుంటే సరిపోయేది. ఆ నెల ప్రమోషన్ల జాబితా ప్రకాశ్ గారి బల్ల మీదే ఉంది. నేను పెరిగిన వీధిలో చెడ్డ సరుకు అమ్మినవాడు కూడా చెడ్డదని ఒప్పుకోడు, కొన్నవాడు అసలే ఒప్పుకోడు. మోసపోయానని చెప్పుకోవడమంటే కొట్టు బోర్డు దించుకోవడమే. నేను నా బంతిని తీసుకున్నాను. నాలుగో చోటికి నడవడం మొదలుపెట్టాను. ఇరవై అడుగులు వేశాను కూడా. వెనక గొంగడి లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఆ గీతను చెరుపుతున్నాడు, నా తప్పును తన గొంగడితో.

"సరుకు నాది సార్" అన్నాను. ఆగి, వెనక్కి వచ్చి మొత్తం చెప్పాను. ఆయన ఏ ఇసుక అడిగాడో, నేను ఏది తెచ్చానో, ఎందుకు తెచ్చానో, నిన్న సాయంత్రం మమ్మల్ని ఏది కాపాడిందో.

ప్రకాశ్ గారు "నువ్వు? బేరంలో?" అన్నారు. కమిటీ అంతా నవ్వింది. ఆ నవ్వు ఆఫీసులో ఒక ఏడాది నడిచింది.

ఏడో గుంట సముద్రానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ ప్రకాశ్ గారు అందంగా, ఎత్తుగా, వరసగా మూడు బంతులు కొట్టి మూడింటినీ గాలి ఒడ్డు మీదికి పంపడం చూశారు. పంతం వచ్చేసింది. రాజలింగం వైపు తిరిగి, నువ్వైతే ఏం చేస్తావని అడిగారు. సభ్యుల ముందు ఆయన ఎప్పుడూ క్లబ్బు పట్టలేదు. డ్యూటీ దుస్తుల్లో, తలకు కండువా చుట్టుకుని, నా చేతిలోని సైకిల్ ట్యూబు క్లబ్బు అడిగి తీసుకున్నాడు. ప్లాస్టిక్ గడ్డి ముక్క పరిచాడు. ఒక్కసారి గాలి వైపు మొహం పెట్టాడు. చేతులు నడుము దాటలేదు. బంతి మోకాలెత్తున వెళ్లి, నేలను తాకి, పరుగెత్తి, గట్టు వెనక మాయమైంది. గట్టు అవతల, బ్రౌన్ మీద, అది ఇంకా నడుస్తూ కనిపించి, గుంటకు రెండు బారల దూరంలో ఆగింది.

"యల్లా, రాండ్రి సార్, మీరు గూడ గొట్టుండ్రి" అని క్లబ్బు ఆయనకిచ్చాడు.

ప్రకాశ్ గారు రెండుసార్లు తప్పారు. మూడోసారి బంతి కిందినుంచి పోయి, ఒక రాయికి తగిలింది. ఆయన తిట్టబోయేలోగా ఆ రాయే దాన్ని బ్రౌన్ వైపు మళ్లించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకొక బంతి పెట్టారు. ఆ తర్వాత ఇంకొకటి. వెనకవాళ్లు ఆగి ఉన్నారని ఎవరో గుర్తుచేయాల్సి వచ్చింది. మధ్యాహ్నం కమిటీలో పచ్చిక మాట ఓటు దాకా రానేలేదు. ఒక్క షరతు పెట్టారు. ఇకనుంచి ఇసుక కొనేటప్పుడు రాజలింగం ముట్టి చూస్తేనే నేను సంతకం పెట్టాలి. నా ప్రమోషన్ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. దాని గురించి నేను పెద్దగా బేరమాడలేదు.

రాజలింగం అన్న ఇంటికి వెళ్లిపోయి మూడేళ్లయింది. వెళ్లేముందు కొత్తగా వచ్చిన నేపాలీ కాపలాదారుకు ఒక నెల పని నేర్పాడు. గొంగడి మాత్రం షెడ్డులోనే వదిలేశాడు. అమ్మ ఇచ్చింది కదా తీసుకెళ్లమంటే, ఇది ఇప్పుడు నూనె వాసన వస్తుంది, ఇంట్లోకి రానియ్యరు అన్నాడు. నేను అల్ వక్రాకు మారింది ఆ మైదానానికి దగ్గరవుతుందనే. మా ఆవిడకు మెట్రో కోసమని చెప్పాను. శుక్రవారాలు ఒక్క క్లబ్బుతో తొమ్మిదీ ఆడతాను. ఆడటం అయ్యాక ఆఖరి బ్రౌన్‌ను నేనే చదును చేస్తాను, గుంట నుంచి అంచుకు, వెనక్కి నడుస్తూ. నేపాలీ తమ్ముడు మొదట్లో వద్దనేవాడు, ఇప్పుడు కూర్చుని చూస్తాడు.

కిందటి వారం ఇసుక మార్చాల్సి వచ్చింది. ఒకడు ఫోన్ చేసి దిబ్బల ఇసుక లారీ ఉచితంగా వేస్తానన్నాడు. ఇక్కడి అరబ్బీలో 'మాఫీ', అంటే లేదు పొమ్మని, ఫోన్ పెట్టేశాను. ఒడ్డు దగ్గరి యార్డుకు వెళ్లి, గుప్పెడు తీసుకుని నలిపి, గవ్వల పొడి వేళ్లకు తగిలేదాకా మూడు కుప్పలు వెతికాను. వాడు రేటు చెప్పాడు. సరేనన్నాను. వాడు అనుమానంగా చూశాడు, ఇంకేమైనా మెలిక ఉందేమోనని.

ఆ సాయంత్రం జగిత్యాలకు ఫోన్ చేశాను. ఆయన ఎప్పుడూ మొదట అడిగేది ఒకటే, గాలెట్లుందని. బాగానే ఉందని చెప్పి, ఇసుక సంగతి చెప్పాను. రేటు కూడా చెప్పాను.

"పిరమే. జెర తక్కువకు అడగలేదా?"

"అడగలేదన్నా."

ఆయన ఇంటి దగ్గర ఎక్కడో గొర్రె ఒకటి అరిచింది.

"అయితే నువ్విగ సావుకారివి కావు పో" అన్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. ఎన్నో బేరాలు గెలిచాను గానీ, ఫోన్ పెట్టేశాక ఒంటరిగా బాల్కనీలో నిలబడి అంత గర్వపడింది ఆ ఒక్కసారే.